రెండు ఇంజిన్లు కలిపి కట్టినప్పుడు ఏ టైమింగ్ బెల్ట్ వేయాలి?

హైదరాబాద్‌లో పాత ఎస్టీమ్, జిప్సీ, జెన్, మొదటి తరం హోండా సిటీ లాంటి బండ్లను ప్రాణంగా చూసుకునేవారు చాలామందే ఉన్నారు. వారిలో కొందరు ఒక అడుగు ముందుకు వేసి, ఒక ఇంజిన్ బ్లాక్ (పిస్టన్లు, క్రాంక్ ఉండే కింది భాగం) మీద మరో ఇంజిన్ హెడ్ (వాల్వులు, క్యామ్ ఉండే పై భాగం) బిగించి హైబ్రిడ్ ఇంజిన్ కట్టుకుంటారు. బ్యాటరీ, మోటారు ఉండే హైబ్రిడ్ సంగతి ఇక్కడ మాట్లాడటం లేదు. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్; ఈ రెండూ లయ తప్పకుండా తిరిగేలా కలిపే పళ్ల బెల్టే టైమింగ్ బెల్ట్. తర్వాతి తరం మారుతి కె-సిరీస్, హోండా ఎల్-సిరీస్ ఇంజిన్లు చెయిన్‌తో నడుస్తాయి కాబట్టి, టైమింగ్ బెల్ట్ చిక్కు ఎక్కువగా 1990లు, 2000ల నాటి ఇంజిన్లతోనే వస్తుంది.

అన్నీ కుదిరాక చివర్లో అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: బ్లాక్‌కు చెందిన బెల్ట్ వేయాలా, హెడ్‌కు చెందిన బెల్ట్ వేయాలా? ఆ రెండూ కుదరకపోవచ్చు. నా సలహా ఏమిటంటే, బెల్ట్‌ను అన్నిటికంటే చివర ఎంచుకోండి. ముందు పుల్లీలు (క్రాంక్, క్యామ్‌ల కొసన ఉండే పళ్ల చక్రాలు), ఆ తర్వాత క్రాంక్‌కూ క్యామ్‌కూ మధ్య దూరం, ఆ తర్వాత టెన్షనర్ (బెల్ట్ బిగువును నిలిపే రోలర్) స్థానం తేల్చండి. ఈ మూడూ ఖాయమైతే బెల్ట్ దానంతట అదే ఒక అంకెగా మిగులుతుంది. ముందే బెల్ట్ కొని, దానికి తగ్గట్టు మిగతావి సర్దుకుందామనుకుంటే పని చెడుతుంది.

## ముందు చూడవలసినవి

పంటి ఆకారం, పిచ్. ఒక పంటి మధ్య నుంచి పక్క పంటి మధ్య వరకు ఉండే దూరమే పిచ్. మోటారు వాహనాల బెల్టులకు ఐఎస్ఓ 9010 ప్రమాణంలో రెండు పిచ్‌లు కనిపిస్తాయి: జెడ్ రకానికి 9.525 మి.మీ., వై రకానికి 8 మి.మీ. పాత ఇంజిన్లలో పళ్లు చదునైన తలతో, ఏటవాలు పక్కలతో ఉంటాయి. తర్వాత వచ్చినవాటిలో గుండ్రటి పళ్లు. గుండ్రటి పళ్లలోనూ ఒకే పిచ్‌తో వేర్వేరు ఆకారాలు ఉన్నాయి, మోసం జరిగేది ఇక్కడే. రెండూ 8 మి.మీ. పిచ్ అయితే బెల్ట్ పుల్లీ మీద కూర్చున్నట్టే ఉంటుంది, చేత్తో తిప్పితే తిరుగుతుంది కూడా. కానీ పన్ను గాడిలో పూర్తిగా ఆనక, బరువంతా ఒక అంచు మీదే పడి, పంటి మొదలు దగ్గర పగుళ్లు మొదలవుతాయి.

బ్లాక్‌తో వచ్చిన క్రాంక్ పుల్లీ, హెడ్‌తో వచ్చిన క్యామ్ పుల్లీ ఒకే కుటుంబానికి చెందినవో కాదో చూడటం అందుకే మొదటి పని. ఒక కొత్త బెల్ట్ ముక్కను రెండు పుల్లీల గాడుల్లోనూ పెట్టి, వెనుక నుంచి టార్చి వెలుగు వేసి చూడండి. ఒకదాంట్లో పంటి పక్కన సన్నని వెలుగు గీత కనిపించి, రెండోదాంట్లో కనిపించకపోతే ఆ రెండు పుల్లీలు ఒక జత కావు.

పొడవు, అంటే పళ్ల లెక్క. హైబ్రిడ్ ఇంజిన్‌లో అసలు తలనొప్పి ఇదే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం. ఎస్టీమ్ 1.3 ఇంజిన్ బోర్ (సిలిండర్ వ్యాసం) 74 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 75.5 మి.మీ. పాత బెలీనో 1.6 బోర్ 75, స్ట్రోక్ 90. స్ట్రోక్ ఇంత పెరిగినప్పుడు బ్లాక్ ఎత్తు కూడా పెరగాల్సి వస్తుంది. ఎత్తు పెరిగితే క్యామ్ పైకి జరుగుతుంది.

టెన్షనర్‌ను పక్కన పెట్టి, రెండు పుల్లీలే ఉన్నాయనుకుని ఒక లెక్క వేద్దాం. పిచ్ 8 మి.మీ., క్రాంక్ పుల్లీకి 24 పళ్లు, క్యామ్ పుల్లీకి 48. క్యామ్ ఎప్పుడూ సగం వేగంతో తిరగాలి కాబట్టి పళ్లు రెట్టింపు. పిచ్ వ్యాసాలు సుమారు 61, 122 మి.మీ. వస్తాయి. రెండు కేంద్రాల మధ్య దూరం 250 మి.మీ. అయితే బెల్ట్ పొడవు దాదాపు 792 మి.మీ., అంటే 99 పళ్లు. దూరం 254 అయితే 800 మి.మీ., 100 పళ్లు. బ్లాక్ 4 మి.మీ. ఎత్తు పెరిగితే బెల్ట్ సరిగ్గా ఒక పన్ను పెరుగుతుందన్నమాట. ఎందుకంటే ఆ ఎత్తు బెల్ట్ రెండు పక్కలా కలుస్తుంది.

ఎత్తు 2 మి.మీ.లే పెరిగిందనుకోండి. లెక్క ప్రకారం తొంభై తొమ్మిదిన్నర పళ్లు కావాలి, అలాంటి బెల్ట్ ఉండదు. 99 పళ్లది ఎక్కదు. 100 పళ్లది వేస్తే 4 మి.మీ.కు పైగా వదులు మిగులుతుంది. ఆ వదులును తీయాలంటే బెల్ట్‌ను ఒక పక్క మధ్యలో టెన్షనర్ దాదాపు 23 మి.మీ. లోపలికి నొక్కాలి. మీ టెన్షనర్ కదలికకు అంత చోటు ఉందా అన్నదే అప్పుడు ప్రశ్న. లేకపోతే టెన్షనర్ బోల్ట్ రంధ్రాన్ని పక్కకు జరపాలి, లేదా బెల్ట్ దారిని మళ్లించే ఒక ఐడ్లర్ రోలర్ చేర్చాలి.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని చాలామంది గమనించరు. పైన 254 మి.మీ. దగ్గర పళ్ల లెక్క చక్కగా 100 వచ్చింది కదా, క్యామ్ టైమింగ్ మాత్రం తప్పుతుంది. పెరిగిన 8 మి.మీ.లో సగమే బెల్ట్ బిగువు పక్కకు (టెన్షనర్ లేని, క్రాంక్ లాగే పక్కకు) వస్తుంది, అంటే అర పన్ను. బెల్ట్‌ను పన్ను చొప్పునే జరపగలం, అర పన్ను జరపలేం. ఫలితంగా క్యామ్ 3.75 డిగ్రీలు అటో ఇటో నిలుస్తుంది. క్రాంక్ లెక్కలో అది 7.5 డిగ్రీలు. బ్లాక్ ఎత్తు మారిన ప్రతి హైబ్రిడ్‌కూ సర్దుబాటు చేయగల క్యామ్ పుల్లీ (క్యామ్‌ను కొన్ని డిగ్రీలు అటూ ఇటూ జరపగలిగేది) కావాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

హెడ్ ఫేసింగ్ చేయించినా, అంటే హెడ్ అడుగును చదునుగా కోయించినా, ఇదే సూత్రం, చిన్న మోతాదులో. 0.3 మి.మీ. తీసేస్తే క్యామ్ క్రాంక్ లెక్కలో అర డిగ్రీకి కొంచెం పైగా వెనకబడుతుంది.

వెడల్పు. పుల్లీ పంటి వెడల్పుకు తగ్గది వేయండి. వాల్వ్ స్ప్రింగులు గట్టివి వేసుకుంటే వెడల్పు తగ్గించే ఆలోచనే వద్దు.

రబ్బరు, దారం. పాత బెల్టులు నియోప్రీన్ రబ్బరుతో వచ్చేవి. ఇప్పటి మంచి బెల్టుల్లో హెచ్ఎన్‌బీఆర్ రబ్బరు వాడతారు. ఇది వేడినీ నూనె తుంపర్లనూ బాగా తట్టుకుంటుంది. మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటిన ఎండలో, కదలని ట్రాఫిక్‌లో బానెట్ కింద గాలి ఆడదు. ఈ ఊరికి నియోప్రీన్ చాలదని నా అభిప్రాయం. లోపల బరువు మోసే దారం సాధారణంగా గాజు పీచుతో ఉంటుంది. అది సాగదు, కానీ మడిస్తే తెగుతుంది. అంగట్లో బెల్ట్‌ను బిగుతుగా చుట్టి రబ్బరు బ్యాండ్ వేసి ఇస్తే తీసుకోకండి.

తెగితే ఏమవుతుంది? కొన్ని ఇంజిన్లలో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు. హైబ్రిడ్ కట్టాక ఆ భరోసా ఉండదు. పిస్టన్, హెడ్, గాస్కెట్ మందం, క్యామ్ మారాక అది కొత్త ఇంజిన్ కిందే లెక్క. పిస్టన్ మీద పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే ముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి, నలిగిన మందం కొలవండి. ఇన్‌టేక్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కంటే తగ్గకుండా చూసుకోవడం ఇంజిన్ కట్టేవారి అలవాటు.

## ఉన్న మార్గాలు

| మార్గం | ఎప్పుడు కుదురుతుంది | లాభం | ఇబ్బంది |
|---|---|---|---|
| బ్లాక్‌కు చెందిన కంపెనీ బెల్ట్ | బ్లాక్ ఎత్తు, హెడ్ ఎత్తు, పుల్లీల కుటుంబం మారనప్పుడు | సులువుగా దొరుకుతుంది, నమ్మకం | ఏ కొలత మారినా పనికిరాదు |
| అదే పిచ్, ఆకారం, వెడల్పుతో వేరే బండి బెల్ట్ | పళ్ల సంఖ్య మాత్రమే మారినప్పుడు | నాణ్యత తగ్గదు | వెతుకులాట ఎక్కువ |
| పుల్లీలు మార్చి ఒకే కుటుంబం చేయడం | పిచ్ లేదా ఆకారం కలవనప్పుడు | శాశ్వత పరిష్కారం | లేత్ పని, ఖర్చు |
| రేసింగ్ బెల్ట్ | వేగం, స్ప్రింగ్ బరువు పెరిగినప్పుడు | బలం, వేడి తట్టుకోవడం | కొన్ని పొడవుల్లోనే దొరుకుతుంది |
| పరిశ్రమల యంత్రాల బెల్ట్ | ఇంజిన్‌కు ఎప్పుడూ కుదరదు | ఏ పొడవైనా దొరుకుతుంది | ఇంజిన్ పాడయ్యే ప్రమాదం |

మొదటి మార్గం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అన్ని కొలతలూ కలిస్తే ఇంకేమీ ఆలోచించకుండా కంపెనీ బెల్ట్ వేసేయండి. బలమైనది వేద్దామన్న ఆశతో కొలత తెలియని బెల్ట్ జోలికి పోవద్దు.

ఎక్కువమందికి పనికొచ్చేది రెండో మార్గం. బండి పేరుతో కాకుండా కొలతతో వెతకాలి. గేట్స్, కాంటినెంటల్, డేకో, బాండో, మిత్సుబోషి లాంటి తయారీదారుల కేటలాగుల్లో బెల్టులను పళ్ల సంఖ్య, ఆకారం, వెడల్పు ప్రకారం చూడవచ్చు. బెల్ట్ వీపు మీద ముద్రించిన సంకేతంలో సాధారణంగా ముందు పళ్ల సంఖ్య, మధ్యలో ఆకారాన్ని తెలిపే అక్షరాలు, చివర వెడల్పు ఉంటాయి. మధ్య అక్షరాలు మీ పాత బెల్ట్‌వే అయి ఉండాలి, చివరి అంకె కూడా మారకూడదు. మొదటి అంకె మాత్రమే మీ కొలత ప్రకారం మారుతుంది.

ఆ మొదటి అంకెను లెక్కతో తేల్చాక, చేత్తో కూడా సరిచూసుకోండి. అదే రకం పాత బెల్ట్ ఒకటి తీసుకుని అడ్డంగా కోయండి. దాన్ని క్రాంక్, క్యామ్, టెన్షనర్, ఐడ్లర్ అన్నిటి చుట్టూ నిజమైన దారిలో తిప్పండి. వాటర్ పంప్‌ను కూడా ఇదే బెల్ట్ తిప్పుతుంటే దాన్నీ కలపండి. టెన్షనర్ తన కదలికలో మధ్య స్థానంలో ఉండాలి. చివరలు కలిసే చోట సుద్దముక్కతో గీత గీసి, విప్పి, బల్ల మీద పరిచి, ప్రతి పదో పంటి మీద చుక్క పెడుతూ లెక్కపెట్టండి. పాత బెల్ట్ పొట్టిదైతే రెండోదాని ముక్కను పళ్లు కలిసేలా పక్కన చేర్చి లెక్క కొనసాగించవచ్చు. లెక్కకూ చేతి కొలతకూ ఒక పన్ను తేడా వస్తే మళ్లీ చేయాల్సిందే.

మూడో మార్గం కష్టమనిపించినా కొన్ని ఇంజిన్లకు తప్పదు. హెడ్ వైపు గుండ్రటి పళ్లు, బ్లాక్ వైపు ఏటవాలు పళ్లు ఉన్నాయనుకోండి. వీటిని కలిపే బెల్ట్ ఈ భూమ్మీద లేదు. సాధారణంగా హెడ్ కుటుంబానికి చెందిన క్రాంక్ పుల్లీని తెచ్చి, మీ క్రాంక్ ముక్కుకు సరిపోయేలా లోపలి రంధ్రం (దీన్నీ బోర్ అనే అంటారు) సరిచేయించి, కీవే (పుల్లీ జారకుండా పట్టే కీ కూర్చునే గాడి) కోయిస్తారు. బాలానగర్, జీడిమెట్ల వైపు లేత్, మిల్లింగ్ పని శ్రద్ధగా చేసే షాపులు ఉన్నాయి. కానీ పుల్లీని చేతికిచ్చి "దీన్ని దానికి పట్టేలా చేయండి" అనకూడదు. బోర్ కొలత, కీవే ఏ పంటికి ఎదురుగా రావాలి, పుల్లీ ముఖం బ్లాక్ నుంచి ఎంత దూరంలో ఉండాలి, ఈ మూడూ కాగితం మీద గీసి ఇవ్వండి. కీవే రెండు డిగ్రీలు పక్కకు పోతే క్రాంక్ గుర్తు అంత తప్పుగా ఉంటుంది.

క్యామ్ పుల్లీ, క్రాంక్ పుల్లీ ఒకే తలంలో ఉన్నాయో లేదో తిన్నటి ఉక్కు స్కేలు ఆనించి చూడటం ఈ దశలోనే చేయాలి. వేర్వేరు ఇంజిన్ల భాగాలు కలిపినప్పుడు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు ఉండటం మామూలే. బెల్ట్ ఎంత మంచిదైనా వంకర దారిలో పరిగెత్తితే అంచు నుంచి అరుగుతుంది.

రేసింగ్ బెల్టుల మీద మోజు ఎక్కువ. రంగు బాగుంటుంది, పేరు బాగుంటుంది. ఇంజిన్‌ను తరచూ ఎరుపు గీత (మీటరులో గరిష్ఠ వేగపు గుర్తు) దాకా తిప్పేవారికి, గట్టి స్ప్రింగులు వేసుకున్నవారికి అది మంచి ఎంపికే. ఆఫీసుకు వెళ్లి వచ్చే బండికి మాత్రం ఆ డబ్బును సర్దుబాటు క్యామ్ పుల్లీ మీద, కొత్త టెన్షనర్ బేరింగ్ మీద పెట్టమంటాను. పైగా ఈ బెల్టులు పేరున్న ఇంజిన్ల పొడవుల్లోనే వస్తాయి. మీకు 103 పళ్లు కావాల్సి వచ్చి, రేసింగ్ బెల్ట్ 101లో మాత్రమే దొరికితే, దాని బలం మీకు ఉపయోగపడదు.

ఇక పరిశ్రమల బెల్ట్. రాణిగంజ్‌లో బేరింగులు, బెల్టులు అమ్మే దుకాణాల్లో 8 మి.మీ. పిచ్ బెల్టులు రకరకాల పొడవుల్లో గోడ నిండా వేలాడుతుంటాయి. పళ్లు గుండ్రంగానే ఉంటాయి, మీకు కావలసిన పళ్ల సంఖ్య వెంటనే దొరుకుతుంది. దీనికి లొంగిపోవద్దని ప్రాధేయపడుతున్నాను. అవి స్థిరమైన వేగంతో తిరిగే యంత్రాల కోసం తయారైనవి. క్యామ్ ప్రతి వాల్వ్‌ను నొక్కినప్పుడు, వదిలినప్పుడు బెల్ట్‌ను కుదుపుతుంది. ఆ కుదుపుకూ ఇంజిన్ వేడికీ నూనె ఆవిరికీ సాధారణ యంత్ర బెల్ట్ తట్టుకోదు. పంటి ఆకారం కూడా మీ పుల్లీకి సరిగ్గా కలుస్తుందన్న హామీ లేదు. కోసి అతికించిన బెల్టుల గురించి అయితే ఆలోచించనే వద్దు.

## ఎవరికి ఏది

రోజూ నడిపే బండికి: ఎత్తు మారని జోడింపునే ఎంచుకుని, కంపెనీ బెల్ట్ వేసుకోండి. శక్తి కొంచెం తగ్గినా, ఏడాది తర్వాత మీ మెకానిక్ ఊళ్లో లేనప్పుడు వేరే ఎవరైనా ఆ బెల్ట్ తెచ్చి మార్చగలగాలి. ఇంజిన్ మార్పుకు మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 కింద ఆర్టీఏ అనుమతి సంగతి కూడా పని మొదలుపెట్టక ముందే తేల్చుకోండి.

ఆఫ్‌రోడ్ జిప్సీ కట్టుకునేవారికి: బెల్ట్ బలం కంటే కవర్ ముఖ్యం. బురద, నీళ్లు, చిన్న రాళ్లు పుల్లీ గాడిలో చేరితే ఏ బెల్టూ నిలవదు. హైబ్రిడ్‌లో ఎత్తు పెరగడం వల్ల పాత కవర్ పట్టకపోతే, దాన్ని పీకి పారేయకుండా రేకుతోనైనా కొత్తది చేయించండి. కేటలాగులో దొరికే వేరే బండి బెల్ట్ వీరికి సరిపోతుంది. ఒకటి అదనంగా కొని బండిలోనే ఉంచుకోండి.

ట్రాక్ మీద నడిపేవారికి: రేసింగ్ బెల్ట్, సర్దుబాటు పుల్లీ, గట్టిగా బిగించే టెన్షనర్. బెల్ట్ దొరికే పొడవును బట్టి ఐడ్లర్ స్థానం నిర్ణయించడం వీరికి తప్పు కాదు, ఎందుకంటే ఇంజిన్ ముందు భాగాన్ని ఎలాగూ కొత్తగా చేసుకుంటారు.

ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులకు డబ్బు తక్కువ, సమయం ఇంకా తక్కువ. మీకు నా మాట: బ్లాక్, హెడ్ ఎంచుకునే రోజే పుల్లీలు, బెల్ట్ కలుస్తాయో లేదో చూడండి. మూడో మార్గంలోకి దిగాల్సి వస్తే ఆ జోడింపును వదిలి మరొకటి ఎంచుకోవడం మేలు.

## కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పుత్లీబౌలి లాంటి విడిభాగాల బజారులో అసలూ నకిలీ పక్కపక్కనే ఉంటాయి. పెట్టె కాకుండా బెల్ట్ చూడండి. అసలు బెల్ట్ మీద ముద్ర గోటితో గీకితే లేచిపోదు, అంచులు నున్నగా కోసి ఉంటాయి, దారపు కొసలు బయటికి వేలాడవు. తయారీ తేదీ అడగండి. ఏళ్ల తరబడి గోడకు వేలాడిన బెల్ట్ కొత్తది అనిపించుకోదు. బిల్లు లేకుండా కొనవద్దు.

బిగువు విషయంలో ఒక హెచ్చరిక. బెల్ట్‌ను మీటి, ఫోన్ మైకుతో ఆ శబ్దపు ఫ్రీక్వెన్సీ కొలిచే పద్ధతి మంచిదే. కానీ పాత ఇంజిన్ మాన్యువల్‌లోని అంకె మీ హైబ్రిడ్‌కు వర్తించదు. బిగువు అంతే ఉన్నా, రెండు పుల్లీల మధ్య బెల్ట్ పొడవు 250 నుంచి 260 మి.మీ.కు పెరిగితే ఫ్రీక్వెన్సీ నాలుగు శాతం తగ్గుతుంది. దాన్ని చూసి ఇంకా బిగిస్తే బేరింగులు పోతాయి. అల్యూమినియం బ్లాక్ వేడికి ఇనుప బ్లాక్ కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది కాబట్టి, బోల్ట్‌తో బిగించే టెన్షనర్ ఉన్న అల్యూమినియం ఇంజిన్‌లో చల్లగా ఉన్నప్పుడే బిగువు పెట్టాలి. రాత్రంతా వదిలేసి ఉదయం చేయండి. బిగించాక స్పార్క్ ప్లగ్గులు తీసి, క్రాంక్‌ను పానాతో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా గట్టిగా అడ్డు తగిలితే అక్కడే ఆపండి, బలవంతం చేయవద్దు.

మొదటి వెయ్యి కిలోమీటర్ల తర్వాత కవర్ తీసి చూడండి. బెల్ట్ ఒక అంచు మాత్రమే మెరుస్తుంటే పుల్లీలు ఒకే తలంలో లేవు. పళ్ల మధ్య పల్లంలో గుడ్డ అరిగి నిగనిగలాడుతుంటే బిగువు ఎక్కువైంది. పంటి మొదట్లో సన్నని పగుళ్లుంటే ఆకారం కలవలేదేమో, వదులుగా ఉందేమో, ఏదైనా రోలర్ పట్టేసిందేమో చూడాలి. రబ్బరు మెత్తబడి ఉబ్బితే క్రాంక్ సీల్ లేదా క్యామ్ సీల్ నూనె వదులుతోంది. అలాంటి బెల్ట్‌ను తుడిచి మళ్లీ ఎక్కించకండి. ముందు సీల్ మార్చి, పుల్లీలు శుభ్రంగా కడిగి, కొత్త బెల్ట్ వేయండి.